నిద్రకు అనుకూలమైన ఇల్లు

పక్కవారి గోడకు డ్రిల్లు పెడితే మన పన్ను అదరడమే నాగరికత. ఈ లెక్కన మా వీధి చాలా ముందుంది.

పక్క స్థలంలో అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడి రాళ్లు కోసే మిషను మధ్యాహ్నం ఒంటిగంటకు గొంతెత్తితే చీకటి పడేదాకా దించదు. మా అత్తగారికి రక్తపోటు. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే తప్ప దిగదని డాక్టరు తేల్చేశాడు. మూడు వారాలుగా ఆవిడ పగలు కన్ను మూసింది లేదు.

శబ్ద నియంత్రణ కార్యాలయం యాప్‌లో, చెప్పిన ప్రకారం మా గోడు రికార్డు చేసి పంపాను. ‘వెనక శబ్దం ఎక్కువగా ఉన్నందున మీ ఫిర్యాదు వినబడలేదు’ అని తిప్పి పంపారు. ఈసారి అత్తగారి పేరిట రాసి పంపాను.

పదకొండో రోజున పరిశీలకుడు వచ్చాడు. నిబంధన ప్రకారం, శబ్దం చేసేవారికి ఒకరోజు ముందే కబురు పెట్టాలి (చెప్పాపెట్టకుండా వెళ్లి కొలిస్తే శబ్దం నొచ్చుకుంటుంది). అందుచేత ఆరోజు మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది.

“ఏదమ్మా శబ్దం?”

“నిన్నటిదాకా ఉందండీ.”

“నిన్నటిది కొలిచే మీటరు మాకింకా రాలేదు.”

“రేపు రా నాయనా,” అన్నారు అత్తగారు. “వద్దన్నా వినబడుతుంది.”

“రేపు వేరే వీధి, పెద్దమ్మగారూ. వచ్చాను కాబట్టి నిద్రా పరీక్ష చేసేస్తాను. మీ మంచం ఏది?”

ఫారం ఏడు ప్రకారం, ఫిర్యాదుదారు పడుకునే చోట అధికారి స్వయంగా పడుకుని చూడాలి. ఫిర్యాదుదారు సాక్షిగా మెలకువతో ఉండాలి. ఆయన మీటరు గుండెల మీద పెట్టుకుని, అత్తగారి దుప్పటి కప్పుకుని, రెండో నిమిషంలో గురక అందుకున్నాడు.

మూడు వారాలకు దొరికిన నిశ్శబ్దం. అత్తగారు కుర్చీలో కూర్చుని, ఎవరో తన కంచంలో భోంచేస్తుంటే చూస్తున్నట్టు చూశారు.

“కాస్త సోఫాలో నడుం వాల్చనా, అమ్మాయ్?”

“వద్దత్తయ్యా, సాక్ష్యం చెల్లదు.”

“ఉన్న ఒక్క నిద్రా ఈయనకేనా?”

“మెల్లగా అనండి, లేస్తాడు.”

“లేవనీ, మంచమైనా ఖాళీ అవుతుంది.”

మూడింటికి లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, సాక్షి సంతకం తీసుకుని వెళ్లాడు. గేటు దాటాడో లేదో, మిషను అందుకుంది.

మర్నాడు నివేదిక వచ్చింది.

‘నివాసం గాఢనిద్రకు మిక్కిలి అనుకూలం. ఫిర్యాదు మూసివేయడమైనది. ఇంటివారి గుసగుసల వల్ల అధికారికి రెండుసార్లు మెలకువ వచ్చింది. మొదటి తప్పుగా భావించి వదిలేయడమైనది.’