సారక్క ఇనుప క్రేన్ మోదకమెత్తిన వైనం

దగ్గరికి జరగండి తల్లులారా, నాయనలారా, ఇంకాస్త దగ్గరికి. ఫోన్లు బోర్లా పెట్టండి. పల్లీలు తినేవాళ్లు చప్పుడు చేయకుండా తినండి. రెండో తరగతి దాటని నోటితో ఒక మహావీరగాథ చెప్పబోతున్నాను. పెద్దపెద్ద మాటలన్నీ హరికథల్లో విని దాచుకున్నవి. ఇన్నాళ్లకు వాటికి పని దొరికింది.

బొగ్గుధూళి పుప్పొడియై రాలుచుండగా, విద్యుత్కేంద్ర ధూమనాళములు దిక్పాలకుల హుక్కాలవలె పొగలు చిమ్ముచుండగా, వేసవిలో సూర్యుడు సైతం తలకు తువ్వాలు చుట్టుకుని తిరిగే చంద్రపూర్ మహాపట్టణమందు, జట్‌పురా గేటు లోపలి ఇరుకు సందులో, భాద్రపద శుద్ధ చవితి సాయంకాలాన, గణపయ్య మా ముందరి గదిలో కొలువుదీరిన శుభవేళ ఒక సంగ్రామం జరిగింది. దానికి కారణం ఒక మోదకం. దాని వీరనారి సహస్రనట్టుమర్దిని, పానాపాణి, జీర్ణజాను సారక్క. అంటే నేనే.

నా ఆయుధాగారం ఒక రేకు డబ్బా. మనుమరాలు హర్షిత పుట్టినరోజుకని కొన్నాం. అందులో బెజ్జాల ఇనుపపట్టీలు, పళ్లచక్రాలు, ఇరుసులు, గుప్పెళ్లకొద్దీ నట్లూ బోల్టులూ. పిల్ల ఒక పూట ఆడి, వేలు గీరుకుని వదిలేసింది. నేను పట్టుకున్నాను, ఇంతవరకు వదల్లేదు. లారీ కట్టాను, గాలిమర కట్టాను, వార్ధా నది మీది వంతెనను తలుచుకుని మంచానికీ కిటికీకీ నడుమ వంతెన కట్టాను. అయితే నట్లకు కాళ్లుంటాయి. ఒకటి నడుచుకుంటూ పప్పులోకి పోయింది. ఆ పప్పు నా కోడలు జ్యోతి పంటి కిందికి పోయింది.

మా ఊళ్లో ఇంటి గణపతి ముందు ఏదో ఒక కదిలే దృశ్యం అమర్చాలి. మరాఠీ ఇరుగుపొరుగును చూసి మేమూ నేర్చిన ఆచారం. దాన్ని దేఖావా అంటారు. దవడ పట్టుకుని జ్యోతి ప్రకటించింది:

“అత్తమ్మా, ఇగ చాలు. ఇయ్యాల దేఖావాల మీరే ఒక క్రేన్ కట్టి పెట్టుండ్రి. హారతిచ్చే లోపట మోదకాన్ని లేపి గణపతి ముందరి పళ్లెంల పెడితే డబ్బా ఉంచుకోండ్రి. లేకుంటే పొద్దుగాల్నే భంగార్‌వాలాకు పోతది.”

పాత ఇనుము కొనేవాడి తోపుడుబండి మీద, విరిగిన కూలర్ పక్కన, నా డబ్బా! డబ్బాను ఒళ్లోకి లాక్కున్నాను.

అంతలో భద్రావతి బస్సు దిగి విచ్చేశాడు మహారథి, చిటికెశబ్దవిలాసి, జ్యోతి తండ్రి, నా వియ్యంకుడు సదానందం. చేతిలో సంచి, సంచి నిండా రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు. ఆయనకూ ఇదే పిచ్చి, కాకపోతే ప్లాస్టిక్ శాఖ. గుమ్మంలోనే సమరశంఖం పూరించాడు.

“ఏంది చెల్లె, ఇంకా గా తుప్పుముక్కలేనా? పానా కావాలె, మరలు తిప్ప పేచ్‌కస్ కావాలె, కండ్లద్దాలు కావాలె. నాది చూడు, ఒక్క నొక్కు నొక్కితే టక్కున కూసుంటది.”

నేను మంచంకోడు పట్టుకుని, మేరుపర్వతము లేచినట్లు, అంటే అంత మెల్లగా, లేచి పలికాను:

“అన్నా, నీ ముక్కలల్ల రెక్కకు పుట్టింది రెక్కకే పోవాలె, తలుపుకు పుట్టింది తలుపుకే. డబ్బా మీద ఏ బొమ్మ ఉంటే గదే కావాలె. నా పట్టీ ఇయ్యాల వంతెన, రేపు లారీ, ఎల్లుండి నీ ఫోనుకు స్టాండు. ఏ బెజ్జమైనా ఏ బెజ్జానికైనా సరిపోతది. గంత ముందుచూపుతోని చేసినోడు మహానుభావుడు.”

“సరిపోతది, కానీ వదులైతది. నీ వంతెన కింద పిల్లి తుమ్మినా ఊగుతది.”

“ఊగితే బిగిస్తం. నీది విరిగితే ఏం జేస్తవ్?”

మహారథి మీసం సర్దుకున్నాడు. ఇక మాటలు చాలు, ఎవరి క్రేన్ మోదకాన్ని ఎత్తుతుందో చూద్దామని ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం.

ఆయన క్రేన్ చూస్తుండగానే లేచింది. ఎర్రని దేహం, నీలి భుజం, ఎక్కడా గీత కనబడని అతుకులు. కడుపులో మంట ఉన్నా అందాన్ని ఒప్పుకోవాలి. దారం కొసకు మోదకం వేలాడదీశాడు. జ్యోతి మోదకమంటే మాటలా? అరచేతిలో పడితే చెయ్యి కిందికి దిగుతుంది. నీలి భుజం వంగింది, వంగి వంగి టక్కున ఊడింది. మోదకం పోయి ఆయన ఒళ్లో పడింది.

“ముక్కలది తప్పు కాదు, మోదకమే లావున్నది” అన్నాడు సదానందం.

“నా మోదకాన్ని ఏమనకు బాపూ” అంది జ్యోతి, కర్పూరం డబ్బా తీస్తూ.

ఇక నా వంతు. వజ్రకాయము, చతుశ్చక్రము, ద్విదంతచక్రసంయుతము అయిన నా క్రేన్‌ను గణపయ్య ఎదుట నిలిపి, ఇంకో మోదకాన్ని కట్టి, జయజయధ్వానాలు మనసులోనే ముందస్తుగా వినేసి, పిడి తిప్పాను. తిరగలేదు. రెండు చేతులా తిప్పాను. పిడి కదల్లేదు, నా భుజం కదిలింది. తాళాలు పట్టుకుని పొరుగువాళ్లు వచ్చేస్తున్నారు. పక్కింటి వైశాలి తలుపులోంచి తొంగిచూసి, “ఆజీ, ఝాలం కా?” అని అడిగింది. అయ్యిందా అవ్వా అని. ఏమవుతుంది? నా బతుకు భంగారవుతుంది.

కళ్లద్దాలు ముక్కు కొసకు దించి చూశాను. చక్రాల పళ్ల సందుల్లో, ఇరుసు బెజ్జంలో, పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది. తుప్పు కాదు, పసుపు. పోయిన దసరాకు ఇంట్లోని పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాం కదా: కత్తెరకు, కత్తిపీటకు, స్కూటరుకు. నా డబ్బాకు పైన ఒక్క బొట్టు పెడితే సరిపోయేది. నేను భక్త్యావేశపరవశనై, ఒక్కొక్క పంటికీ తడిపసుపు పూసి కుంకుమ అద్దాను. ఆ తరువాత పళ్లచక్రాలతో పనే పడలేదు, అదంతా ఎండి సిమెంటైంది.

“అన్నా, శత్రువు ఎవ్వరూ లేరు. నేనే పూసిన.”

సదానందం నవ్వాడు. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. తరువాత నా క్రేన్ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. పాక్కుంటూ వచ్చి చెయ్యి చాపాడు.

“నీ గాజుకున్న పిన్నీసు ఇటియ్యి.”

“నేను ఓడాలె గదా నీకు?”

“ఓడితే ఓడు చెల్లె. చక్రం తిరగకుంట కూసుంటే మాత్రం నేను చూడలేను.”

ఆయన పిన్నీసుతో పళ్ల సందులు గీకుతున్నాడు, నేను చీరకొంగుతో ఇరుసు తుడుస్తున్నాను. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి, ఎవరం పట్టించుకోలేదు. జ్యోతి కర్పూరం పళ్లెంలో పెట్టింది. వైశాలి తాళం మోగించింది. జ్యోతి అగ్గిపుల్ల గీసింది.

తిప్పాను.

కటకటకట! దంతము దంతమును కరచెను, ఇరుసు మూల్గెను, దారము బిగిసెను. పర్వతమును మోయు వానరవీరునివలె నా క్రేన్ వణకుచు, ఊగుచు, ఒరుగుచు మోదకాన్ని లేపింది. జానెడు. సరిగ్గా జానెడు లేపి, అటు తిరిగి, గణపయ్య పళ్లెంలో కాస్త పక్కకు, అయినా పళ్లెంలోనే దించింది.

జ్యోతి హారతి పట్టుకుని మోదకాన్ని చూసింది, పసుపంటిన మా ఇద్దరి మొహాలు చూసింది. “సరే అత్తమ్మా, ఉండనియ్యండ్రి. కానీ ఒక్క నట్టు గూడ వంటింటి గడప దాటొద్దు” అంది.

ఇట్లు చంద్రపూర్ రణరంగంలో సారక్క దిగ్విజయం సాధించి, మంచం కింద, చెప్పుల పక్కన మూరెడు జాగాకు పట్టాభిషిక్తురాలైంది. సదానందం తన నీలి భుజానికి ఊతంగా రెండు ఇనుపపట్టీలు అడిగితే సామంతుడికి దానమిచ్చినట్లు ఇచ్చాను. రెండూ కొంచెం వంకరవే.

గుర్తుంచుకోండి బిడ్డలారా, మరిచిపోకుండా పదిమందికి చెప్పండి. నేను ఎత్తింది జానెడు. మీరు చెప్పేటప్పుడు దాన్ని మూరెడు చేయండి. మీ పిల్లలు నిలువెత్తు చేస్తారు, వాళ్ల పిల్లలు మోదకాన్ని థర్మల్ పొగగొట్టం మీదికి ఎక్కిస్తారు. ఎక్కించనివ్వండి. అది బరువెక్కువని మాత్రం ఎవరూ అనకండి, జ్యోతి వింటుంది.