రోజుకు రెండు పూటలా పియానో

అందరికీ తెలియజేయడమేమనగా, యాభై నాలుగేళ్ళ పోస్టాఫీసు గుమాస్తా ఒకావిడ, ఏ గొడవా లేని సంసారంలో ఉండి కూడా, పియానో నేర్చుకుంటానని ప్రకటించింది. అంతకుముందు ఆవిడ మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు.

కుటుంబం బాధ్యతగా విచారణ జరిపింది. దీనివల్ల ప్రమోషన్ వస్తుందా అని భర్త అడిగాడు. ఎక్కడైనా కచేరీ చెయ్యాలా అని ఆడపడుచు అడిగింది. రెండూ కాదని తేలాక ఇద్దరూ నిజంగానే కంగారుపడ్డారు.

"మరెందుకొదినా, ఈ వయసులో?"

"ఇష్టం," అందావిడ.

ఆ జవాబు ఎవరి చెవికీ ఎక్కలేదు. పాఠం కోసం ఒక గంట ముందు ఇంటికి వెళ్తానని ఆఫీసులో అర్జీ పెడితే, పై అధికారి నిబంధనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తిరగేసి, జ్వరానికీ ప్రసవానికీ చావుకూ వీలుంది గానీ ఇష్టానికి కాలమ్ లేదని ఎంతో మర్యాదగా విచారం వెలిబుచ్చాడు. పాఠం చెప్పే టీచరమ్మ సైతం ఏ పరీక్షకు కట్టాలని అడిగి, దేనికీ కాదంటే, ఈ బరువు తన నెత్తినే ఎందుకు పడిందా అన్నట్టు చూసింది.

అయినా ఆవిడ మానలేదు. పాత పియానో ఒకటి ముందు గదిలోకి చేరింది. మూడు నెలలకు ఒక పాటలో సగం వచ్చింది. కుడిచెయ్యి ఎడ్డెమంటే ఎడమచెయ్యి తెడ్డెమనేది. తప్పు మీట నొక్కినప్పుడల్లా ఆవిడ తనలో తను నవ్వుకునేది. ఇంట్లోవాళ్ళను మరీ భయపెట్టింది ఆ నవ్వే.

ఇంతలో దేవుడు కరుణించాడు. ఏళ్ళ తరబడి కవర్ల మీద ముద్రలు కొట్టీ కొట్టీ ఆవిడ కుడిచేతి వేళ్ళు పట్టేశాయి. డాక్టరు చూసి, పియానో సంగతి విని, వేళ్ళకు మంచి వ్యాయామమని చీటీ రాసిచ్చాడు: రోజుకు రెండు పూటలా, భోజనం తర్వాత, అరగంట.

చీటీ ఇంటికి రాగానే పియానో మీది దుమ్ము భర్తే తుడిచాడు. పూట తప్పితే ఒంటికి మంచిది కాదని వేళకు గుర్తుచేయసాగాడు. ఆడపడుచు మెత్తటి దిండు తెచ్చి కుర్చీలో వేసింది. అధికారి చీటీ నకలు ఫైల్లో పెట్టించి, గంట ముందు పంపించాడు. టీచరమ్మ కూడా, పేషెంటు కదా అని, తప్పులకు విసుక్కోవడం మానేసింది.

ఆవిడ ఖర్మ కొద్దీ, మరో నెలకు వేళ్ళు బాగుపడ్డాయి. నయమైంది గనక ఇక మందు ఆపాలని కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడు ఆవిడ ఆఫీసు నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"తగ్గలేదని రాయండి డాక్టరుగారూ."

"నొప్పిగా ఉందామ్మా?"

"లేదండీ. పాట ఇంకా సగమే వచ్చింది."

డాక్టరు తలుపు వేసి ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "నాకు బొమ్మలెయ్యాలని చిన్నప్పట్నుంచీ కోరికండీ. ఏ జబ్బని రాసుకోవాలో తెలీక ఆగిపోయాను." తర్వాత చీటీ మీద 'జీవితాంతం' అని రాసి, కింద గీత గీశాడు.

ఇప్పుడు ఆవిడ పాటంతా రెండు చేతులా వాయిస్తోంది. తగ్గని రోగమని తెలిసి వీధి వీధంతా సానుభూతి ప్రకటించింది. సాయంత్రం దారినపోయే పెద్దమనుషులు కిటికీ కింద ఆగి, పాట ఆఖరిదాకా విని, పాపం అనుకుని, ఆరోగ్యంగా ఇళ్ళకు వెళ్తున్నారు.