మూడు ఫోన్లూ, ఒక లిఫ్టూ

ఆ రోజుకి తూకం మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఇంట్లో మూడు ఫోన్లకీ చివరి పరీక్ష, పదకొండింటికి రిపోర్టు, పన్నెండింటికి కంపెనీ పెద్దావిడ సంతకం, ఒంటిగంటకి భోజనం. వీటిలో అనుకున్నట్టు జరిగింది ఒక్క మొదటిదే.

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో స్టోర్స్ చూసుకునేది ఆవిడే. చీపురు కొనాలన్నా మూడు రకాలు తెప్పించి, మూడు గదులు ఊడ్పించి, చెత్త ఎంత వచ్చిందో చూసి గాని ఒకటి ఖాయం చేయదు. అందుకే ఆ బిరుదు. తొమ్మిదేళ్లుగా ఆవిడ రాసిన రిపోర్టులన్నీ మేనేజర్ గారి బీరువాలో చదవకుండానే భద్రంగా ఉన్నాయి.

ఈసారి తూకం వేయాల్సింది ఫోన్లని. ముప్పైమంది మెకానిక్‌లకు కొత్త ఫోన్లు ఇవ్వాలి. ఇన్నాళ్లూ పదిమంది ఒక రకం, పదిమంది ఇంకో రకం, మిగతా పదిమంది ఎవరి సొంత ఫోన్లు వాళ్లు వాడుతున్నారు. మెకానిక్‌లు మొదటి రకానికి ‘పెద్దన్న’ అని, రెండోదానికి ‘దొరగారు’ అని పేర్లు పెట్టుకున్నారు. పోయిన నెలలో మూడో రకం ఒకటి బజారులోకి దిగింది. దాని లోపలి వ్యవస్థే పూర్తిగా వేరు. వేలితో పనిలేదు, నోటితో చెబితే చాలట. పరీక్షకని ఆ కంపెనీవాళ్లు ఇచ్చిన పదకొండింటిలో ఒకటి ఆవిడ ఉంచుకుని, మిగతావి ఆ చివరి పదిమందికీ వారం క్రితం పంచింది. కొత్తగా వచ్చి అందరి చేతా ముద్దు చేయించుకుంటోంది కాబట్టి దానికి ‘కొత్తల్లుడు’ అని పేరు పడింది.

ఆవిడ పట్టుదలకు ఒక కారణం ఉంది. రెండు నెలల కింద గ్రీజు బాబాయ్ అనే పెద్ద మెకానిక్, లిఫ్టు గోతిలో పని చేస్తూ, మోగుతున్న ఫోన్ ఎత్తడానికి గ్లవ్స్ విప్పి చూపుడువేలి గోరు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఆవిడకి ఒకటే ప్రశ్న: గ్లవ్స్ విప్పకుండా మాట చేరుతుందా, లేదా?

ఇంట్లో బల్ల మీద మూడు ఫోన్లూ వరసగా పెట్టి అత్తగారిని పిలిచింది. “అత్తయ్యా, ఒక్కోదాంతో ఒక్క మాట మాట్లాడి చూడండి.”

అత్తగారు మొదటిదాని మీదికి వంగింది. “నాయనా, నా కళ్లజోడు ఎక్కడుందో కాస్త చెప్పు.” పెద్దన్న దగ్గరలో ఉన్న కళ్లజోళ్ల దుకాణాల జాబితా చూపించాడు. దొరగారు ముందు పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. తూకం మేడమ్ కొత్తల్లుడికి ‘ఎప్పుడూ విను’ అన్న మీట నొక్కి ముందుకు తోసింది. అది ఒక్క క్షణం ఆగి, “నెత్తి మీద ఉందేమో చూసుకోండి,” అంది. అత్తగారు తల తడుముకుంది. అక్కడే ఉంది.

“ఇదే తీసుకో,” అంది అత్తగారు.

“అప్పుడే తీర్పిస్తే ఎలా అత్తయ్యా? ఇంకా అయిదు పరీక్షల మార్కులు కూడాలి.”

“మా అబ్బాయిని ఒక్క చూపులో ఒప్పుకున్నావు. ఫోన్‌కి ఇన్ని పరీక్షలా?”

“అందుకే అత్తయ్యా, ఇప్పుడీ జాగ్రత్త.”

పక్కగదిలో చొక్కాకి ఇస్త్రీ చేసుకుంటున్న భర్త ఇస్త్రీ అయిపోయిన కాలరునే మళ్లీ రుద్దాడు. తూకం మేడమ్ నవ్వుకుంటూ మూడు ఫోన్లూ సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆ నవ్వులో ‘ఎప్పుడూ విను’ మీట తిరిగి ఆపడం మర్చిపోయింది.

ఆఫీసులో మేనేజర్ గారు స్టోర్స్ గుమ్మంలోనే ఎదురయ్యారు. “చూడండమ్మా, కాలికి అలవాటైన చెప్పులుండగా కొత్తవి కొని కరిపించుకోవడం దేనికి? నేను వాడేది దొరగారే. అదే రాసేయండి. పన్నెండింటికి పెద్దావిడ వస్తున్నారు. నేను పైన కాగితాలు సర్దుకోవాలి, ఫోన్ కూడా ఆపేస్తున్నా. నన్నెవరూ కదిలించొద్దని అందరికీ చెప్పండి.” అని లిఫ్టెక్కి ఐదో అంతస్తులో ఉన్న తన గదికి వెళ్లిపోయారు.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోన్లు ముందు పెట్టుకుని రాతలో పడింది. రిసెప్షన్ అమ్మాయి తలుపు సందులోంచి తొంగిచూసింది. “మేడమ్, మేనేజర్ గారేరీ?”

తూకం మేడమ్ కాగితం మీంచి తలెత్తలేదు. “మేనేజర్ గారు పైకి వెళ్లిపోయారు. ఇక ఆయన్ని ఎవరూ కదిలించొద్దు. పన్నెండింటికి పెద్దావిడ వస్తున్నారు, అందరూ మర్యాదగా ఉండాలి. మనవాళ్లందరికీ చెప్పెయ్.”

“చెప్పేస్తున్నాను,” అని మెత్తటి గొంతు వినిపించింది. ఆ అమ్మాయి గొంతు మెత్తగానే ఉంటుంది కాబట్టి మేడమ్‌కి అనుమానం రాలేదు. నిజానికి ఆ అమ్మాయి మొదటి మాట వినగానే వెళ్లిపోయింది. జవాబిచ్చింది బల్ల మీది కొత్తల్లుడు.

అది ముప్పైమందికీ ఒకేసారి ఫోన్ కలిపింది. మేడమ్ అన్న మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా, కాని వార్తలు చదివేవాళ్ల గంభీరమైన గొంతుతో వినిపించింది: “మేనేజర్ గారు పైకి వెళ్లిపోయారు. ఇక ఆయన్ని ఎవరూ కదిలించొద్దు. పన్నెండింటికి పెద్దావిడ వస్తున్నారు, అందరూ మర్యాదగా ఉండాలి.” ఆ తర్వాత, “విన్నాను అనండి,” అని అడిగి, అనేదాకా వదల్లేదు.

అయిదు నిమిషాలకి స్టోర్స్‌లోని పాత ఫోన్ మోగింది. అవతల గ్రీజు బాబాయ్.

“అమ్మా, మేనేజర్ గారి సంగతి నిజమేనా?”

ఎవరో సెలవు అడగడానికి ఆయన కోసం వెతుకుతున్నారనుకుంది ఆవిడ. “నిజమే బాబాయ్. పది నిమిషాలైంది వెళ్లి.”

“ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారేమమ్మా!”

“ఆయన ఎవరికి చెప్పి వెళ్తారు బాబాయ్?”

“అదీ నిజమే. ఎలా వెళ్లారమ్మా?”

“ఎలా ఏముంది? లిఫ్టులో.”

“మన లిఫ్టులోనా?”

“మన లిఫ్టు ఉండగా పక్కింటి లిఫ్టు దేనికి?”

అటువైపు ఏదో కిందపడ్డ చప్పుడయి లైను తెగిపోయింది. సిగ్నల్ లేదేమో అనుకుని ఆవిడ కొత్తల్లుడి ఖాతాలో ఒక మార్కు తగ్గించింది. అది బాబాయ్ చేతిలోంచి రెండో అంతస్తు ఎత్తునుంచి జారిపడిందని ఆవిడకి అప్పటికి తెలియదు. పడ్డా పగల్లేదనీ తెలియదు.

బాబాయ్ గుండెలో రాయి పడింది. ఆఫీసు లిఫ్టుకి ముందురోజే సర్వీసింగ్ చేసింది అతనే. ముప్పై రెండేళ్ల సర్వీసులో అతను ముట్టిన లిఫ్టు ఎవరి మీదా గీత పడనివ్వలేదు. దారిలో పూలదుకాణం దగ్గర తోటివాళ్లు కనిపిస్తే, “చంపింది నేనేరా,” అని నడివీధిలో కూలబడ్డాడు. వాళ్లు అతన్ని లేవదీసి, ఒక మనిషి ఎత్తు పూలచక్రం కొని, దాని మీద ‘పైకెళ్లిన మా మేనేజర్ గారికి కన్నీళ్లతో’ అని రాయించారు.

పదకొండున్నరకి పదముగ్గురు మెకానిక్‌లు టోపీలు చేత్తో పట్టుకుని ఆఫీసు కింది హాల్లోకి వచ్చారు. రిసెప్షన్ అమ్మాయి పూలచక్రాన్ని చూసి, ఇదంతా పెద్దావిడకి స్వాగతం అనుకుంది. అక్షరాలు గోడవైపు ఉన్నాయి కాబట్టి చదవలేదు. దాన్ని గుమ్మానికి ఎదురుగా నిలబెట్టించి, “చాలా బాగుంది. కాస్త నవ్వుతూ నిలబడండి,” అంది. ఎవరూ నవ్వలేదు.

బాబాయ్ మాత్రం నేరుగా గోడకున్న పెట్టె దగ్గరికి వెళ్లాడు. “ఇంకో ప్రాణం తీయకముందే దీన్ని ఆపాలి,” అని లిఫ్టు మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ గారు కాగితాల కట్టతో లిఫ్టెక్కి కిందికి దిగుతున్నారు. మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగి చీకటైపోయింది. ఆయన తన దొరగారిని తెరిచారు. పొద్దుననగా ఆపిన ఫోన్ కదా, లేవగానే కొత్త వెర్షన్ ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ‘దయచేసి వేచి ఉండండి’ అని వెలిగింది. ఆయనకు వేరే దారి కూడా లేదు. అందుకని అరిచారు.

“ఎవడ్రా కరెంటు తీసింది?”

గోతిలోంచి ఆ కేక కిందికి వచ్చేసరికి గంటలా మోగింది. హాల్లో పదముగ్గురూ బిగుసుకుపోయారు.

“బాబాయ్, గొంతు అచ్చం సారుదే!” అన్నాడొకడు.

“అరుపూ అదే. పాపం, ఇంకా డ్యూటీ వదల్లేదు,” అన్నాడు బాబాయ్ కళ్లు తుడుచుకుంటూ. లిఫ్టు తలుపు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. “సార్, తప్పు నాదే. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. ప్రశాంతంగా వెళ్లండి.”

“ఎక్కడికి వెళ్లేది? ఇరుక్కుపోయాను! నేను బతికే ఉన్నానయ్యా!”

“మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుందట సార్,” అన్నాడు బాబాయ్ ఎంతో ఓదార్పుగా.

ఈ గోలకి తూకం మేడమ్ స్టోర్స్‌లోంచి బయటికి వచ్చింది. టోపీలు తీసిన తలలు చూసింది. పూలచక్రాన్ని ఇటు తిప్పి అక్షరాలు చదివింది. పొద్దున తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో తిరిగాయి. చేతిలోని కొత్తల్లుడి వైపు చూస్తే, ‘ఎప్పుడూ విను’ మీట ఇంకా వెలుగుతూనే ఉంది.

“బాబాయ్! ఆయన పైకి వెళ్లింది ఐదో అంతస్తుకి!”

పదమూడు తలలూ లిఫ్టు వైపు తిరిగాయి. అంతలో, చెప్పిన టైముకి ముందే, పెద్దావిడ అడుగుపెట్టింది. కంపెనీ పెట్టింది ఆవిడే; డెబ్బై దాటినా సొంత లిఫ్టు మానేసి మెట్లే ఎక్కుతుంది. పూలచక్రాన్ని కిందనుంచి పైదాకా చూసింది.

“ఎవరి కోసం ఇది?”

“నా కోసమే మేడమ్!” అని గోతిలోంచి జవాబు వచ్చింది.

బాబాయ్‌కి ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. “మనిషి బతికే ఉన్నాడ్రా! పదండి!” స్విచ్ వేస్తే సరిపోయేదేమో గాని, ఆ లిఫ్టు మీద అతనికి నమ్మకం పోయింది. ఇద్దరు మెట్ల మీంచి పైనున్న మోటారు గదికి పరిగెత్తారు. బ్రేకు వదిలి పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పడం మొదలుపెట్టారు. బాబాయ్ రెండో అంతస్తు తలుపు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. అందరి చేతులకూ గ్లవ్స్. జేబుల్లోంచే కొత్తల్లుళ్లు మాట్లాడుకుంటున్నారు. “ఒక అడుగు దించు... ఇంకో జానెడు... ఆపు!” పైనున్నవాళ్లు ఆపారు. తలుపు తెరుచుకుంది. పెద్దావిడ గడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలు.

మేనేజర్ గారు కాగితాలు చంకలో పెట్టుకుని హాల్లోకి దిగి, తన పూలచక్రం తానే చదువుకున్నారు. ముందు మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. “ఇదంతా ఆ కొత్త ఫోన్ నిర్వాకం మేడమ్! బతికున్న మనిషిని చంపింది! ఇవాళే మూటగట్టి వెనక్కి పంపించేయాలి!”

అందరూ తూకం మేడమ్ వైపు చూశారు. తొమ్మిదేళ్ల రిపోర్టులు ఆ ఒక్క క్షణంలో ఆవిడ వెన్ను నిలబెట్టాయి. ఫోన్ తీసి అది వినిపించిన మాటల్ని మళ్లీ వినిపించింది.

“ఇందులో ఒక్క మాట తప్పుంటే చూపించండి సార్. అన్నీ నేనన్నవే. తప్పు సగం నాది, సగం మన తెలుగుది. మాట మోసినదాన్ని అంటే ఏం లాభం?” అని ఫోన్‌లోని జాబితా పెద్దావిడ ముందు పెట్టింది. “ఇది ముప్పైమందికి ఫోన్ చేసింది మేడమ్. వచ్చినవాళ్లని ఇందాకే అడిగి రాసుకున్నాను. కొత్త ఫోనున్న పదిమందీ నాలుగు నిమిషాల్లో విన్నారు. అందులో ఎనిమిదిమంది లిఫ్టు గోతుల్లో ఉన్నారు. గ్లవ్స్ విప్పినవాడు ఒక్కడూ లేడు. పాత రెండు రకాలున్న ఇరవైమందిలో విన్నది ముగ్గురే. ఆ ముగ్గురూ టీ తాగుతున్నారు.”

“మిగతావాళ్లు?” అంది పెద్దావిడ.

పిలిచినట్టే ఆ పదిహేడుమందిలో ఒకడు బోల్టుల కోసం లోపలికి వచ్చి, పూలచక్రం చూసి గతుక్కుమన్నాడు. “అయ్యో, ఎవరు పోయారు?”

“నీకు ఫోన్ రాలేదా?” అని అడిగింది తూకం మేడమ్.

“ఏదో మోగింది మేడమ్. రెండు చేతులకీ గ్రీజు. తర్వాత చూస్తే తెలియని నంబరు. ఎవరో లోన్ ఇస్తామనేవాళ్లయి ఉంటారని ఊరుకున్నా,” అన్నాడు. అతని నడుముకి పెద్దన్న వేలాడుతున్నాడు.

పెద్దావిడ పెదవి చివర ఏదో మెరిసింది. “అయితే దీంట్లో లోపాలే లేవంటావా?”

“ఎందుకుండవు మేడమ్? ఏడున్నాయి, రాశాను. చెవి ఒకసారి తెరిస్తే మూయడం గుర్తుచేయదు. మ్యాపులో మన వెనక వీధే లేదు. హాజరు వేసుకునే యాప్ ఇంకా దీంట్లోకి రాలేదు. పెద్దన్నలో లేనిది లేదు, దొరగారి కెమెరా ముందు ఇది దిగదుడుపే. కాని మనవాళ్లు గోతిలో దిగేది ఫొటోలు తీయడానికి కాదు కదా!”

పెద్దావిడ రిపోర్టు తీసుకుని, అక్కడే నిలబడి, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. ఆ కంపెనీలో ఒక రిపోర్టుని ఎవరైనా పూర్తిగా చదవడం అదే మొదటిసారి. తర్వాత సంతకం చేసింది. చెవి సంగతి నెలలోగా సరిచేయాలన్న షరతుతో ముప్పైమందికీ కొత్తల్లుడే. ఇకనుంచి కంపెనీలో ఏ పనిముట్టు కొనాలన్నా తూకం మేడమ్ మాటే ఆఖరు.

“బీరువాలో ఉన్న ఆ పాత రిపోర్టులన్నీ నా గదికి పంపించండి,” అని మేనేజర్‌తో చెప్పి పెద్దావిడ మెట్లెక్కింది.

హాలు దద్దరిల్లేట్టు చప్పట్లు. బాబాయ్ పూలచక్రం మీది కాగితం చింపేసి, దాన్ని తీసుకొచ్చి స్టోర్స్ గుమ్మానికి ఆనించాడు. గోరు లేని వేలితో కళ్లు తుడుచుకుంటూ, “నా లిఫ్టు ఎవర్నీ చంపలేదమ్మా,” అన్నాడు. ఆ పూట ఆవిడ ఏమీ తూకం వేయకుండా నవ్వింది.

మర్నాడు మేనేజర్ గారు రెండు రోజులు సెలవు పెట్టారు; దరఖాస్తులో ‘తాత్కాలికం’ అన్న మాట కింద రెండు గీతలు గీశారు.