ఉప్పునీటి చేపకు ఎన్ని ఫిల్టర్లు?

మనిషికి సహనం, సంస్కారం, సైన్సు మూడూ ఒకేసారి అబ్బాలంటే, ఉప్పునీటి అక్వేరియానికి ఫిల్టరు కొనడానికి పంపాలి. దాన్ని తలనొప్పి అనుకునేవారిని చూస్తే నాకు జాలి.

నమ్మరా? అయితే మా బావగారి సంగతి వినండి.

మా బావగారు వెంకట్రాజుగారికి కలిదిండి దగ్గర చేపల చెరువులున్నాయి. ఈమధ్యే ఊళ్ళో కొత్త ఇల్లు కట్టారు. హాల్లో పెద్ద గాజుతొట్టి, అందులో నారింజరంగు సముద్రపు చేపలు ఉండాలని ఆయన కోరిక.

“చెరువుల నిండా చేపలే కదండీ, ఇంట్లో కూడా ఎందుకు?” అంది మా అక్క ప్రసన్నలక్ష్మి.

“అవి అమ్ముకునేవి. ఇవి చూసుకునేవి” అన్నారాయన.

ఫిల్టరు ఎంపికకు నన్ను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళారు. షాపు యజమాని శ్రీకర్ వరుసగా చూపించాడు. తొట్టి వెనక తగిలించేది. పక్కన డబ్బాలా కూర్చునేది. సంప్ అని, తొట్టి కింద దాక్కునే మరో తొట్టి. ఇక ప్రోటీన్ స్కిమ్మర్ అయితే చేపల మలినాన్ని నురగ చేసి గిన్నెలోకి తోసేస్తుందట. నా పెళ్ళిచూపులు కూడా ఇంత లోతుగా సాగలేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. కదిలితే ఒట్టు.

“చేప తన మురికిలో తాను ఈదకూడదండీ. అంతే సైన్సు” అన్నాడు శ్రీకర్.

బావగారి కళ్ళు చెమ్మగిల్లాయి. చెరువుల్లో టన్నుల కొద్దీ చేపలు పెంచిన మనిషికి ఈ వయసులో ఇంత కరుణ కలిగించిన యంత్రాన్ని తలనొప్పి అంటారా మీరు?

సంప్, స్కిమ్మర్ రెండూ తీసుకున్నారు. అప్పుడు శ్రీకర్ నీళ్ళ సంగతి ఎత్తాడు. పంపు నీళ్ళు నేరుగా పోయకూడదు, ఆర్‌వో మిషన్‌లో శుద్ధి చేసి, ఆ నీళ్ళలో ఉప్పు కలపాలి అన్నాడు.

“మా ఊరంతా తాగేది ఆ పంపు నీళ్ళేనండీ” అన్నాను.

“మనుషులు అలవాటు పడతారండీ. ఇవి పడవు.”

ఆర్‌వో మిషన్ కూడా కారెక్కింది. తొట్టి వెలిసింది. చేపలు దిగాయి. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు లిడియా మాత్రం చేపలకేసి చూడలేదు. మిషన్ గొట్టంలోంచి పడుతున్న నీటినే చూస్తూ నిలబడింది.

“ఒక్క బిందె ఇప్పిస్తారా అండీ? పంపు నీళ్ళు వాసనొస్తున్నాయి. మా సెంటర్లో పిల్లలకు విరేచనాలు తగ్గట్లేదు.”

“ఇవి చేపల నీళ్ళమ్మా. తొట్టిలో ఆవిరైపోయినదానికి సరిగ్గా సరిపోతాయి” అన్నారు బావగారు, ఎంతో మర్యాదగా.

అక్క ముందుకొచ్చింది. లిడియా చేతిలోంచి బిందె తీసుకుని గొట్టం కింద పెట్టింది. బావగారు తొట్టికేసి తిరిగి నిలబడ్డారు. ఆ రోజు నుంచి పిల్లలకో బిందె, మిగిలింది చేపలకు. సెంటర్లో పిల్లలు తేరుకున్నారు. ఒక ఫిల్టరు ఇంత మేలు చేస్తుందని ఏ కంపెనీవాడైనా ప్రకటనలో రాసుకున్నాడా?

కొన్ని వారాలకు మిషన్ నీళ్ళు సన్నబడ్డాయి, తర్వాత చుక్కలయ్యాయి. బావగారు కంగారుపడి శ్రీకర్‌ను పిలిపించారు. అతను మూత విప్పి, తెల్లగా ఉండాల్సిన ఫిల్టరు బయటికి తీశాడు. నల్లటి బురద ముద్ద. గదంతా కంపు.

“మీ పంపులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?”

“ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి. దానికి కాలువ నుంచి” అంది అక్క.

“అయితే కాలువలోకి ఎవరో చేపల చెరువు నీళ్ళు వదులుతున్నారండీ. మేత, మందులు, మురికి అంతా ఇందులోనే ఉంది.”

బావగారికి కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. “ఎవరండీ ఆ మనిషి? జనం తాగే నీళ్ళని తెలియదా? నోరులేని చేపలు ఏం పాపం చేశాయి?”

“మనమేనండీ” అంది అక్క. “చేపలు పట్టించిన ప్రతిసారీ చెరువు ఖాళీ చేయిస్తారు కదా. మన తూము తెరిస్తే నీళ్ళు ఇంకెక్కడికి పోతాయి?”

వాకిట్లో లిడియా ఖాళీ బిందెతో నిలబడి ఉంది. బావగారు ఆమెను చూశారు. తొట్టిలో చేపల్ని చూశారు. చాలాసేపు ఆలోచించారు. చివరికి గొంతు సవరించుకుని శ్రీకర్‌ను అడిగారు.

“ఈ మిషన్‌కు ముందు ఇంకో పెద్ద ఫిల్టరు పెట్టిస్తే సరిపోతుందా?”

శ్రీకర్ వాకిట్లోని ఖాళీ బిందెకేసి చూశాడు.

“చేపలకైతే సరిపోతుందండీ.”