నవబోరు పట్టాభిషేకము

మగ్గాల చప్పుళ్ళే మంగళవాద్యాలుగా, జొన్నరొట్టెల పొగలే ధూపంగా విరాజిల్లే ఎమ్మిగనూరు పురవరంలో, ఆదోని రోడ్డు వారగా, రేకుల కప్పు కింద, గ్రీజు పరిమళాల నడుమ, ఒకానొక ఆదివారం ఉదయం పదిగంటల పుణ్యవేళ, నేతకులతిలక, మితభాషిణి, మోపెడ్‌వాహన అయిన సునంద ఒక పాత టైరు మీద ఆసీనురాలై ఉంది.

ఆమె ఎదుట, ఇరవై ఆరేళ్ళ వయోభారంతో, అంగాంగాలూ విప్పబడి, ఆమె వాహనోత్తమం పడి ఉంది. మధ్యాహ్నంలోగా అది ఊపిరి పోసుకోకుంటే పాత ఇనుములోకి వెయ్యాలని భర్త నాగేషు శాసనం. ఆపైన ఆదోనికి చీరల మూట మోయాలన్నా, గోనెగండ్లలో చెల్లెల్ని చూడాలన్నా నాగేషు బండి వెనకాలే, నాగేషుకు తీరుబడి దొరికినప్పుడే. కనుక ఆమెకు అది ఇనుము కాదు, ఎవరినీ అడగకుండా గడప దాటే మహావరం.

రోడ్డుకు అడ్డంగా తోపుడుబండి నిలిపి, తూకపు కొక్కేన్ని కాలపాశంలా ఊపుతూ, పాత సామాన్ల మద్దయ్య కాచుకొని ఉన్నాడు.

అప్పుడు స్పానరాయుధుడు, కౌతాళకులదీపకుడు, మెకానిక్ దేవేంద్రప్ప లేచాడు. పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఇనుప గొట్టమైన బోరు అరిగిపోయింది. పాత మోడలు బోరు ముల్లోకాల్లోనూ దొరకలేదు. అందుచేత ఆ కంపెనీయే పదేళ్ళ తరువాత కన్న కొత్త మోడలు బోరును ఆ వీరుడు పాత ఇంజను మీద ప్రతిష్ఠించి, మేఘగంభీరస్వరంతో ఇట్లా పలికాడు:

"నాలుగు బోల్టులూ కూర్చున్నాయక్కా. ఇంగ తొక్కడమే."

తొక్కాడు. టక్ మన్నది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ టక్.

"నన్నే పిలుస్తాండాది," అన్నాడు మద్దయ్య.

దారం తెగిన చప్పుడును మగ్గం హోరులోనూ పసిగట్టగల సునంద, పాత బోరునూ, మళ్ళీ ఊడదీయించిన కొత్త బోరునూ బండమీద పక్కపక్కన నిలబెట్టి, కన్ను చిట్లించి చాలాసేపు చూసింది.

"అన్నా, కొత్తది రొంత పొట్టిగుంది. పిస్టన్ పోయి పైన తలకాయ కొట్టుకుంటాండాది."

"ఎంత పొట్టి?"

"మా మగ్గం జకార్డు అట్ట మందమంత."

"ఇప్పటోళ్ళంతా పొట్టేలేక్కా," అని నిట్టూర్చాడు దేవేంద్రప్ప. "అట్ట తే. కింద ఏసి ఎత్తు చేద్దాం."

చీర అంచుకు హంసలను దింపే ఆ చిల్లుల అట్టలను నేతింటివారు ప్రాణంతో సమానంగా చూస్తారు. మంచి అట్టకు కత్తెర తగిలించడం వారి వంశచరిత్రలోనే లేదు. కనుక సునంద వాయువేగంతో ఇంటికేగి, చినిగి మూల పడిన హంసల అట్టను తెచ్చింది. దేవేంద్రప్ప దాన్ని బోరు అడుగు కొలతకు కత్తిరించి, పరచి, బిగించి, తొక్కాడు.

టక్ పోయింది. దాని స్థానంలో బుస్సుమని మహానాగఫూత్కారం వెలువడి, నూనె తుంపరలు దేవేంద్రప్ప ముఖారవిందాన్ని అభిషేకించాయి.

"అక్కా," అన్నాడతను మొహం తుడుచుకుంటూ, "నీ హంసలు చిల్లుల్లోంచి గాలి ఇడుస్తాండాయి."

మద్దయ్య కొక్కెం పట్టుకొని రోడ్డు దాటాడు. "పదకొండున్నర దాటె తల్లీ. నాగేషప్ప నాకు మాటిచ్చినాడు."

"మద్దయ్య మామా, నీ బండి రొంత పక్కకు తీసి పెట్టు. నేను వస్తాను."

మళ్ళీ ఇంటికేగిన ఆ ధీరవనిత, కొత్త అంచు కోసం దాచిన, చిల్లు పడని, కన్యవంటి అట్టను పెట్టెలోంచి తీసింది. మెకానిక్ షెడ్డులో కత్తెర తానే అందుకుంది.

"పాపం గదక్కా," అన్నాడు దేవేంద్రప్ప. "కొత్త హంసలు?"

"హంసలు యాడికీ పోవులే అన్నా. నేను పోవాల."

కరకరమని కోసింది. అట్ట పరిచారు. బోల్టులు బిగిశాయి. సునంద కొంగు నడుముకు దోపి, తానే కాలెత్తి తొక్కింది. ఒకటి. రెండు. మూడో తొక్కుకు దిగంతాలు నీలిధూమంతో నిండి, రెండు తరాల ఇనుము ఒకే గొంతుతో డుర్రుమని గర్జించింది.

మద్దయ్య దగ్గుతూ పోయి, బండిని పక్కకు లాగాడు.

ఆ విధంగా ఆ వీరనారి, వెనక ఎవరూ కూర్చోకుండా, ముందు ఎవరినీ అడగకుండా, ఎద్దుబండి వేగంతో దండయాత్ర సాగించి, ఆదోని మార్గంలోని మొదటి స్పీడు బ్రేకరును దాటింది. దాని ఆవల ఉన్న సమస్త భూమండలం, అనగా ఇంజను మళ్ళీ ఆగిపోయేదాకా సుమారు నలభై అడుగులు, ఆనాడు సునంద ఏలుబడిలోకి వచ్చెను.