పన్ను ఉన్నవారికే ఓటు

ఎలుగుబంటి కనబడినప్పుడో, భూమి కంపించినప్పుడో తప్ప నోరు మెదపని యుగమొరి ఊరి మైకులు ఆ సోమవారం ఉదయం ఏడింటికి మేయరు కుజుహరగారి గొంతుతో మాట్లాడాయి. జనం అలవాటు కొద్దీ బల్లల కింద దూరారు.

"ఊరి ప్రజలారా, కంగారు పడకండి. ప్రజాస్వామ్యాన్ని శుభ్రం చేస్తున్నాను" అన్నారు మేయరుగారు. "మన ఒకే ఒక్క బస్సును ఆపేసి, ఆ డబ్బుతో ఊరి మొదట్లో ఒక స్వాగత తోరణం కట్టాలని సంకల్పించాను. దాని మీద అక్షరాలు స్వయంగా నేనే కుంచె పట్టి రాస్తాను. కట్టాలో వద్దో వచ్చే నెల మీరే ఓటేసి చెప్పండి. మీరే అంటే అందరూ కాదు, పన్ను కట్టేవారు. ఖర్చు చేయించేవాడిది ఓటూ, ఖర్చు భరించేవాడిది నోటూ అయితే అది న్యాయం కాదు. ఇక బల్లల కింద నుంచి బయటికి రావచ్చు."

ఈ ప్రసంగానికి కళ్ళు చెమర్చిన మొదటి మనిషి సెగవ. ఊరి ఆఫీసులో ఓటర్ల జాబితా, పన్నులు, కోతుల బెడద ఒకే సెక్షను. దానికి ఆయనే హెడ్డు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటి రెండూ ఇలా ఏకమవుతాయని ఆయన ఊహించలేదు. మూడోది ఎప్పుడు వచ్చి కలుస్తుందా అని ఎదురుచూడసాగాడు.

ఎనిమిదిన్నరకి కౌంటరు తెరిచేసరికి ముసలివాళ్ళు వరస కట్టి ఉన్నారు. అందరికంటే ముందున్న గొంపచి తాత నోరు బార్లా తెరిచాడు.

"పన్ను ఉన్నవాడికే ఓటన్నారటగా. నాకు కింద రెండు, పైన ఒకటి. మూడు ఓట్లు రాసుకో."

"ఆ పన్ను కాదు తాతా. కట్టే పన్ను."

"పైది కట్టినదే బాబూ. డాక్టరు కట్టాడు."

"కట్టుడు పళ్ళు చెల్లవు తాతా. ఊరికి కట్టాలి."

"ఊరందరికీనా?" అని తాత బెంగగా నోరు మూసుకున్నాడు.

వరస తరిగి పదకొండయ్యేసరికి తోమె బామ్మ వంతొచ్చింది. ఎనభై ఆరేళ్ళ మనిషి. చేతిలో గుడ్డతో మూటకట్టిన అన్నం డబ్బా. కొండ కింద ఆసుపత్రిలో ఆవిడ మొగుడు ఏడు నెలలుగా మంచం మీద ఉన్నాడు. నర్సు పెడితే నోరు బిగిస్తాడు, బామ్మ పెడితే తెరుస్తాడు. అందుకని రోజూ మధ్యాహ్నం బస్సులో వెళ్ళి, తినిపించి, అదే బస్సులో తిరిగొస్తుంది.

"జాబితాలో నా పేరుందా సెగవా?"

"లేదు బామ్మా. మీ పింఛను చిన్నది. దాని మీద పన్ను పడదు."

"ఇంటి మీద?"

"మీ ఇంటి విలువ పన్ను వేసేంత కూడా లేదని మేమే తేల్చాం కదా."

"మరి టోఫు కొంటే పన్ను, మందుబిళ్ళ కొంటే పన్ను, అదంతా?"

"అది కట్టేది కొట్టువాడు బామ్మా. మీరు మోస్తారంతే."

"మోసేది నేనైతే, మోసం ఎవరిది నాయనా?"

సెగవ సొరుగంతా వెతికాడు గాని ఈ ప్రశ్నకు ఫారం దొరకలేదు. "బస్సు పోతే ఆయన రెండు పూటలు కూడా బతకడు. మొండిఘటం, ఇంకెవరు పెట్టినా తినడు" అని బామ్మ డబ్బా సర్దుకుని బస్సుకి పోయింది.

సాయంత్రానికి జాబితా తయారైంది. రెండు వందల పద్నాలుగు మంది. ఆఫీసు ఉద్యోగులు, పోస్టాఫీసు వాళ్ళు, పుట్టగొడుగుల షెడ్డులో పనిచేసే వియత్నాం కుర్రవాళ్ళు. మేయరుగారు మెచ్చుకుంటూ చదివి, చివరికొచ్చేసరికి ఆగారు.

"మన కాంట్రాక్టరు ఓగుషి పేరేదీ?"

తోరణం కట్టబోయేది ఓగుషే. ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఓగుషిగారి కంపెనీకి తొమ్మిదేళ్ళుగా నష్టం సార్. పన్ను సున్నా" అన్నాడు సెగవ.

"నష్టమని రాసిచ్చింది మీ ఆఫీసే కదండీ" అన్నాడు ఓగుషి నొచ్చుకుంటూ. "నాకో చిన్న ట్రక్కుంది. దానికి ఏటా ఊరికి పన్ను కడుతున్నాను. అది పన్ను కాదా?"

మేయరుగారి ముఖం వెలిగింది. "ఎంత చిన్నదైనా పన్ను పన్నే. చిన్నవాడిని చిన్నచూపు చూడటం నా విధానం కాదు" అని, నిబంధనలో తన చేత్తోనే 'ఏ పన్నైనా, ఎంతైనా' అని చేర్చారు. చిన్నవాడు ఓగుషి ఇంకో కప్పు టీ తాగాడు. మర్నాడు ఊరి సభ ఆ నిబంధనను ఆమోదించింది.

ఆ సంగతి తెలిసి తోమె బామ్మ మళ్ళీ కౌంటరు దగ్గరకొచ్చింది. "ఊరికి కట్టే పన్నులన్నీ వరసగా చదువు నాయనా. నాకేది సరిపోతుందో చూసుకుంటాను."

సెగవ చీరల కొట్టు గుమాస్తాలా ఒక్కొక్కటే విప్పి చూపించాడు. సిగరెట్ల పన్ను. "అది కొట్టువాడి ఖాతాలోకి పోతుంది. తాగినా లాభం లేదు." మోపెడ్ పన్ను. "ఈ వయసులో వద్దు బామ్మా." ఆ తరవాత, "వేడి ఊట స్నానం పన్ను. సత్రంలో వేడి నీటి ఊటలో ఒకసారి మునిగితే నూట యాభై యెన్లు."

"అది ఎవరు కట్టినట్టు? సత్రం వాడా, మునిగినవాడా?"

సెగవ చట్టం తీసి చూశాడు. మనిషి భయస్థుడే గాని, పుస్తకంలో ఉన్నది లేదని చెప్పడం ఆయనకు చేతకాదు. "మునిగినవాడే. సత్రం వసూలు చేసి మాకు పంపుతుంది, అంతే."

"రసీదు ఇస్తారా?"

"అడిగితే ఇస్తారు."

"అడుగుతాను" అంది బామ్మ.

మర్నాటి నుంచి యుగమొరిలో వృద్ధులు శుభ్రంగా ఉండటం మొదలుపెట్టారు. కొండ మీది పెద్ద సత్రం ముందు చేతికర్రలు కట్టెల మోపులా పేరుకున్నాయి. ఒకసారి మునిగితే ఓటు వస్తుందని అందరికీ తెలుసు, అయినా గట్టిగా ఉంటుందని కొందరు రెండోసారి కూడా మునిగారు. రసీదులు సరిచూడటానికి సెగవ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, టై కట్టుకుని, ఆవిరిలో నిలబడ్డాడు. స్థానబలం గురించి విన్నాడు గాని స్నానబలం చూడటం ఇదే మొదలు.

ఈ వార్త విని మేయరుగారు నొచ్చుకోలేదు. "పన్ను కట్టాలన్న తపన ప్రజల్లో కలిగించాను. అదే నా విజయం" అని విలేకరులకు చెప్పి, ఓగుషి మనుషులు ముప్ఫై మందిని వెంటబెట్టుకుని స్వయంగా స్నానానికి బయలుదేరారు.

అక్కడే చిన్న చిక్కొచ్చింది. ఓగుషి మనుషులను మేయరుగారు వాళ్ళ పచ్చటి చొక్కాలను బట్టి గుర్తుపట్టేవారు. నీళ్ళలో చొక్కాలు లేవు. మెడ దాకా మునిగి, నెత్తిన తడిగుడ్డ వేసుకున్న యాభై తలకాయల్లో ఎవరెవరి వాళ్ళో దేవుడికే తెలియాలి. మేయరుగారు రాజనీతిజ్ఞులు కనుక అందరికీ సమానంగా తల వంచారు. గడ్డం నీళ్ళలో మునిగింది.

"మిత్రులారా, ఈ తోరణం మన ఊరి పరువు. మీరంతా నావాళ్ళే కదా?"

"మీవాళ్ళమే. మునిగేదాకా మీ వెంటే ఉంటాం" అన్నాడు ఆవిరిలోంచి గొంపచి తాత.

"బస్సు ఎవరికైనా కావాలా?"

"మాకెందుకు బస్సు? ఇంత దూరం నడిచొచ్చి మునిగాంగా."

మేయరుగారు పొంగిపోయి ఇరవై నిమిషాలు ఉపన్యసించారు. లేవబోతే తాత ఆపాడు. "ఆ విద్య గురించి ఇంకోసారి చెప్పండి బాబూ. ఆరోగ్యం గురించి కూడా." మరో పావుగంటకి మేయరుగారు ఉడికిన రొయ్య రంగుకు వచ్చారు. ఓగుషి మనుషులు మోసుకెళ్ళి చల్లటి బండల మీద పడుకోబెట్టారు. "చూశావా సెగవా, ఏకగ్రీవం" అన్నారు కళ్ళు తెరవకుండానే.

చెప్పిన నెల వచ్చింది, ఓటింగు అయింది, ఓట్లు లెక్కపెట్టారు. తోరణానికి నూట తొంభై. బస్సుకి ఆరు వందల పదకొండు. తోరణం కోసం బామ్మలతో రణం అలా ముగిసిందని ఊరంతా అనుకుంది. తోమె బామ్మ ఏడుపు రాకుండా ముక్కు గట్టిగా చీదుకుంది.

మర్నాడు పదకొండున్నరకి ఆఫీసు హాల్లో మేయరుగారు విలేకరులను పిలిచారు. బామ్మ కూడా అన్నం డబ్బాతో వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. వెనక గొంపచి తాత మిగతా బలగంతో నిలబడ్డాడు.

"సెగవా, ఓటింగు ఫలితం వచ్చాక నేనేం చేయాలో నిబంధన చదువు."

సెగవ చదివాడు. "పన్నెండో క్లాజు. ఫలితాన్ని మేయరు గౌరవించవలెను."

"అమలు చేయవలెను అని ఉందా?"

"లేదు సార్. గౌరవించవలెను అనే ఉంది."

"చట్టం ఏం చెబితే నేనది చేస్తాను" అని మేయరుగారు ముందుకొచ్చి, ఫలితం కాగితాన్ని బల్ల మీద పెట్టి, దానికి నడుము దాకా వంగి నమస్కరించారు. కెమెరాలు మెరిశాయి. నిటారుగా నిలబడి, జేబులోంచి ఇంకో కాగితం తీసి సంతకం పెట్టారు. "గౌరవించాను. బస్సు ఈ రోజు నుంచి ఆగిపోతుంది."

బామ్మ గోడ గడియారం కేసి చూసింది. బస్సు వచ్చే వేళయింది, రాదు. ఆవిడ లేచి నిలబడింది.

"బాబూ, ఇప్పుడు మీరు వంగింది ఎవరికి?"

"ఫలితానికి బామ్మా. మీ అందరికీ."

"మేం ఆరు వందల పదకొండు మందిమి. నీళ్ళలో విడివిడిగా మునిగాం, రసీదులు విడివిడిగా ఉన్నాయి. అందరినీ కలిపి ఒక్క వంగుడుతో సరిపెట్టేశారా? ఏ ఓటు గౌరవం దానికి లేదా?"

విలేకరుల పెన్నులు లేచాయి. మేయరుగారు సెగవ వైపు చూశారు. సెగవ పన్నెండో క్లాజు మళ్ళీ చదివి, మొత్తంగా గౌరవించవచ్చునని ఎక్కడా లేదని, చాలా బాధతో చెప్పాడు.

"నాకు ఓపిక లేదనుకున్నారా?" అని మేయరుగారు చిరునవ్వు నవ్వారు. గొంపచి తాత మొదటి రసీదు తీసి పేరు పిలిచాడు. మేయరుగారు దానికి నడుము దాకా వంగారు.

బామ్మ నేరుగా గుమ్మం దగ్గర నిలబడ్డ మేయరుగారి డ్రైవరు దగ్గరకెళ్ళింది. "మీ అయ్యగారికి ఇక్కడ చాలాసేపు పనుంది. కారు ఖాళీయేగా. ఆసుపత్రి దాకా దింపుతావా?"

డ్రైవరు అనుమతి కోసం హాల్లోకి తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే మేయరుగారు తల వంచారు. అది 'అలాగే' అనుకుని డ్రైవరు కారు తలుపు తీశాడు.

రెండింటికి కారు తిరిగొచ్చింది. బామ్మ ఖాళీ డబ్బాతో దిగి, లోపలికొచ్చి సెగవ పక్కన నిలబడింది. విలేకరులు ఇంత వినయం ఏ మేయరులోనూ చూడలేదని రాసుకుంటున్నారు.

"ఎన్నో ఓటు నాయనా?"

"రెండు వందల మూడు."

"ఎంత తిన్నాడో చెప్పనా? సగం డబ్బా" అంది బామ్మ. "మిగతా ఓట్లకి తొందరేం లేదని చెప్పు. రేపు మళ్ళీ పదకొండున్నరకే మొదలుపెట్టమను."