మా వీధి విలువ పెరిగిన విధానం

మా వీధిలోని ఇరవై మూడు ఇళ్ల స్థలాల విలువ రెట్టింపయిందని తెలియజేయడానికి ఊరి కౌన్సిల్ వారు సంతోషిస్తున్నారు. ఉత్తరంలో అలాగే రాశారు. కిందనే కొత్త ఆస్తి పన్ను కూడా వేశారు. చేపల ఫ్యాక్టరీలో నా జీతానికి అది కట్టడం అసాధ్యం కాబట్టి, ఇల్లు పోయినట్టేననుకుని మా అమ్మాయి జోసీ బట్టలు అట్టపెట్టెల్లో సర్దేశాను.

విలువ పెరగడానికి కారణం శాస్త్రీయమైనదే. మూలమీది ఇల్లు వేలానికి వచ్చింది. ఆక్లండ్ నగరం నుంచి వచ్చిన పళ్ల డాక్టరొకాయన హాల్లో కూర్చుని పాట పాడాడు. ఆయన భార్య, మొగుడికి తెలియకుండా కొనిద్దామని, ఫోన్లో పాడింది. ఆరు లక్షల డాలర్ల ఇంటిని పదకొండు లక్షల దాకా పాడి మొగుడు గెలిచాడు. దీన్ని మార్కెట్ అంటారు.

అభ్యంతరం చెప్పుకునే హక్కు ప్రజలకుంది. చెప్పుకున్నాను. నా పెరడు సగం కొండవాలు, అక్కడ మేక కూడా నిలబడలేదని రాశాను. విలువ కట్టే అధికారి డెస్మండ్ గారు స్వయంగా వచ్చి, వాలు అంచున నిలబడి పరవశించారు.

"ఇక్కణ్ణుంచి సముద్రం కనిపిస్తోందే! మా రికార్డుల్లో లేదండీ ఇది. మీరు పిలిచారు కాబట్టి కలుపుకోవచ్చు."

"వద్దు బాబూ! పొగమంచే ఎక్కువ, ఏమీ కనబడదు."

"అయితే ఈ నెలలో మీ వీధిలో చవగ్గా అమ్ముడైన ఇల్లు ఒక్కటి చూపించండి, తగ్గిస్తాం. ఒక్కటి చాలు."

ఫైర్ స్టేషన్ హాల్లో వీధంతా సమావేశమయింది. ఎదురింటి ట్రెవర్ లేచి, "మనందరి కోసం ఎవరో ఒకరు త్యాగం చేసి చవగ్గా అమ్మెయ్యాలి," అన్నాడు. చప్పట్లు మోగాయి.

"నువ్వే అమ్మరాదూ, ట్రెవర్?" అన్నాను.

"నేనా? నాకు పిల్లలున్నారు బెవర్లీ."

"మాకేం, గొర్రెలున్నాయా?"

దేవుడి దయవల్ల మా వీధిలోనే ఉండే రేవిన్, తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు వేలానికి పెట్టింది. ఎవరూ పాట పాడకూడదని ప్రమాణం చేసి, చెయ్యి లేస్తే పాట పాడినట్టే కాబట్టి, అందరం వెళ్లి చేతుల మీద కూర్చున్నాం. కొనడానికి వచ్చింది పొరుగూరి గొర్రెల మందల ముసలి ఆసామి ఒక్కడే. ఆయన నాలుగు లక్షలన్నాడు, పాట అక్కడే ఆగింది. వేలం వేసేవాడు సుత్తి ఎత్తాడు.

అప్పుడు నాకో సంగతి తట్టింది. రేవిన్ ఇల్లు నాలుగు లక్షలంటే నా ఇల్లూ అంతే. రేపు నాకేమన్నా అయితే జోసీకి మిగిలేది అదొక్కటే.

"అమ్మా, చెయ్యి దించు!" అంది జోసీ.

దించేలోగా ట్రెవర్ ఎత్తాడు. తర్వాత లెక్క తెలియలేదు. స్థానికులే ఇలా ఎగబడుతున్నారంటే ఇందులో ఏదో ఉందని ఆసామి పట్టుదలకు పోయి పన్నెండు లక్షలకు కొనేశాడు. బయటికొచ్చాక, పాట పెంచింది ఎవరా అని ఒకరితో ఒకరం ఆశ్చర్యపోయాం.

నా అభ్యంతరం మీద తీర్పు నిన్న వచ్చింది. విలువ ఇంకొంత పెరిగింది, సముద్రంతో సహా.

రాత్రికి రాత్రే మళ్లీ సమావేశమయ్యాం. ఈ దుర్మార్గపు ధరలు ఎవరి బుర్రలో పుట్టాయో కౌన్సిల్ వెంటనే బయటపెట్టాలని తీర్మానం రాసింది నేనే. ఏకగ్రీవంగా ఆమోదించాం. చెయ్యెత్తడంలో మా వీధివాళ్లు ఎవరికీ తీసిపోరు.